హాస్టల్ వార్డెన్‌గా చేరబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

వచ్చే టర్మ్ నుంచి క్లాసులతో పాటు హాస్టల్ కూడా నీకే అప్పగిస్తున్నారని మీ నాన్న చెప్పాడు. పాఠం చెప్పడం గురించి నీకు నేను చెప్పేదేమీ లేదు. రూల్స్ పుస్తకం చేరకముందే కంఠతా పట్టేస్తావని కూడా తెలుసు. పట్టు, మంచిదే. అందులో ఉండనివి కొన్ని రాస్తున్నాను.

ముందు ఒక భ్రమ వదిలించుకో. ఆ పిల్లలకి నువ్వు అమ్మవి కాలేవు, కావాలని చూడకు. అమ్మలా ఉందామని మొదలుపెట్టినవాళ్ళు నెల తిరిగేసరికి ఇద్దరు ముగ్గురు గారాల పిల్లల్ని తయారుచేసుకుని, మిగతావాళ్ళకి దూరమైపోతారు. పిల్లలకి నీ దగ్గర కావలసింది ఒక్కటే: ఏ వేళకి నువ్వు ఎక్కడ దొరుకుతావో వాళ్ళకి ఎవరినీ అడగకుండా తెలియాలి. స్టడీ అవర్‌కి ముందు కామన్ రూంలో, రాత్రి లైట్లు తీసే ముందు వరండాలో, రోజూ అదే వేళకి, అదే చోట. నిజంగా కష్టంలో ఉన్న పిల్ల "మీతో మాట్లాడాలి" అంటూ రాదు. పెన్ను కోసం వస్తుంది, బొత్తాం ఊడిందని వస్తుంది, గుమ్మంలో నిలబడి "ఏం లేదు మేడం" అని వెళ్ళబోతుంది. అప్పుడు నీ చేతిలో ఫోన్ ఉండకూడదు.

కొత్తగా చేరినవాళ్ళ బెంగ సంగతి. ఇది జబ్బు కాదు, మొండితనమూ కాదు. స్విస్ వైద్యుడు యోహానెస్ హోఫర్ 1688లోనే దీనిమీద సిద్ధాంత వ్యాసం రాశాడు. చదువు కోసం బెర్న్ నుంచి బాసెల్ వెళ్ళి మంచం పట్టిన కుర్రాడొకడు, ఇంటికి బయల్దేరదీసేసరికి కోలుకోవడం మొదలుపెట్టాడని అందులో ఉంది. అంటే చదువుకునే ఊళ్ళో కడుపునొప్పి రావడం ఈ కాలం పిల్లలు కనిపెట్టింది కాదు. కాబట్టి కడుపునొప్పి అన్న పిల్లని "నాటకాలు" అనకు. జ్వరం చూడు, సిక్ రూమ్ రిజిస్టర్‌లో రాయించు, ఆ తర్వాత పక్కన కూర్చుని ఇల్లు గుర్తొస్తోందా అని అడుగు. "ఏడవకు", "రెండు రోజుల్లో అలవాటైపోతుంది" అనే మాటలు మాత్రం వద్దు. అలవాటు కాని పిల్ల మూడో రోజు నీ దగ్గరికి రావడానికి సిగ్గుపడుతుంది.

బెంగకి వేళలున్నాయి. క్లాసులో, ఆటలో పెద్దగా కనపడదు. నిద్ర లేవగానే, భోజనమయ్యాక, ఆదివారం మధ్యాహ్నం దాటాక, లైట్లు తీశాక, అంటే చేతిలో పని లేనప్పుడు కమ్ముకుంటుంది. ఇంటికి ఫోన్ చేసే సమయం పడుకోబోయే ముందు పెట్టించకు. ఫోన్ పెట్టేశాక కనీసం గంటసేపు నలుగురితో కలిసి చేసే పనేదో ఉండాలి. కొన్నిచోట్ల మొదటి వారాలు ఫోనే ఇవ్వరు, పిల్లలు త్వరగా కుదురుకుంటారని. నాకు ఆ పద్ధతి ఎన్నడూ నచ్చలేదు. అది పిల్లని కుదుటపరచదు, ఏడుపుని నీ కంటికి కనపడకుండా చేస్తుంది, అంతే.

తల్లిదండ్రులకి ఒక మాట మొదటి రోజే చెప్పు: "నచ్చకపోతే వచ్చి తీసుకెళ్ళిపోతాం" అని పిల్లకి మాట ఇవ్వొద్దని. ఆ మాట చెవిన పడ్డాక, పిల్ల తన శక్తినంతా ఇక్కడ బాగాలేదని నిరూపించడానికే పెడుతుంది. బదులుగా, చేరిన వారంలోనే నువ్వే వాళ్ళకి ఫోన్ చేసి చిన్నదే అయినా నిజమైన కబురొకటి చెప్పు. ఎవరి పక్కన కూర్చుంటోంది, ఏ ఆటలో దిగింది, ఇలాంటిది. "బాగానే ఉందండీ" అంటే ఏ తల్లికీ మనసు నిలవదు. పైగా, మొదటి ఫోనే ఫిర్యాదు కోసం అయితే ఇక ఎప్పుడు నీ నంబర్ కనపడినా వాళ్ళ గుండె ఝల్లుమంటుంది.

మొదటి సెలవులకి ఇంటికెళ్ళి తిరిగొచ్చిన రాత్రి, చేరిన రాత్రికన్నా కష్టంగా ఉంటుందని ఎవరూ అనుకోరు. ఆ రాత్రి హాస్టల్‌లో ఉండు. ఇంకొకటి: వారాలు గడిచినా తిండీ నిద్రా కుదరకపోతే, ఒక్క స్నేహమూ కలవకపోతే కౌన్సెలర్‌కి, ఇంట్లోవాళ్ళకి చెప్పే వేళ వచ్చినట్టు. ఏడాదిగా హాయిగా ఉన్న పిల్ల ఉన్నట్టుండి ఇంటికి పోతానంటే దాన్ని బెంగ అనుకోకు. ఇక్కడ ఏదో జరిగింది, లేదా ఇంట్లో ఏదో జరుగుతోంది.

రోల్ కాల్‌లో "ప్రెజెంట్" అన్న గొంతు విని టిక్ పెట్టకు, తలెత్తి మొహం చూడు. మెస్‌లో అందరితో కలిసి తిను, రోజూ ఒకే బల్ల దగ్గర కాదు. ఎవరు ఆలస్యంగా వచ్చి తొందరగా లేస్తున్నారో కూర్చుంటేనే తెలుస్తుంది. అల్లరి పిల్లల గురించి నీకెవరూ చెప్పక్కర్లేదు, వాళ్ళే చెప్పుకుంటారు. వారానికోసారి హాజరు పట్టీ ముందు పెట్టుకుని, ఈ వారం ఎవరితో నేను ఒక్క మాటా మాట్లాడలేదు అని చూసుకో. ఎప్పుడూ ఆ నాలుగు పేర్లే మిగులుతుంటాయి. ఏ గొడవా లేని, మార్కులు బాగా వచ్చే, గది సర్దుకునే పిల్లలు. నీ పని మొదలయ్యేది వాళ్ళ దగ్గర.

రాత్రి సంగతులు కొంచెం వివరంగా రాస్తాను, హాస్టల్ అంటే సగం రాత్రే కాబట్టి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళకి 8 నుంచి 10 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ వాళ్ళకి 9 నుంచి 12 గంటలు నిద్ర కావాలని అమెరికన్ నిద్రా వైద్యుల అకాడమీ 2016లో చెప్పింది. నీ హాస్టల్ టైంటేబుల్ తీసుకుని లెక్కవెయ్యి. రాత్రి స్టడీకీ తెల్లవారి స్టడీకీ మధ్య అన్ని గంటలు లేకపోతే ప్రిన్సిపాల్ గారితో ఆ మాట ఎత్తాల్సింది నువ్వే. కాగితం మీద చూపిస్తే కాదనడం కష్టం. ఫోన్లున్న హాస్టల్ అయితే రాత్రికి అందరివీ ఒకేచోట పెట్టించు, పెద్దవాళ్ళకి మినహాయింపు లేకుండా. అవి అక్కడ పెట్టాక కొందరి మొహాల్లో తేటదనం వస్తుంది. "నేను పెట్టేశాను, మేడం తీసేసుకున్నారు" అని చెప్పుకోవడానికి వాళ్ళకి ఒక సాకు కావాలి మరి.

తలుపు కొట్టి, జవాబు వచ్చాకే లోపలికి వెళ్ళు. బాత్‌రూముల దగ్గర గొంతెత్తి చెప్పి వెళ్ళు. పిల్ల మంచం మీద కూర్చోకు, కుర్చీ లాక్కో. ఒక్క పిల్లతో మాట్లాడాల్సి వస్తే తలుపు తెరిచి ఉంచు. దీనివల్ల పిల్లకీ రక్ష, నీకూ రక్ష.

పక్క తడిపే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు, నువ్వనుకునేకన్నా పెద్ద వయసులో కూడా. ఉతికిన దుప్పట్లు ఎవరినీ అడగకుండా తీసుకునే చోట ఉంచు, తడిసినవి వెయ్యడానికి మూతున్న బుట్ట పెట్టు. శానిటరీ ప్యాడ్లూ అంతే, బాత్‌రూములోనే ఉండాలి, నీ బీరువాలో కాదు. మందులకి మాత్రం దీనికి పూర్తిగా విరుద్ధం: తాళం, రిజిస్టర్, ఇచ్చినవాళ్ళ సంతకం.

ఇక డే స్కాలర్లు. మీది రెండు రకాల పిల్లలూ ఉన్న బడి కదా, వీళ్ళు నీ హాస్టల్‌లో పడుకోరు కాబట్టి నీ లెక్కలోకి రారనుకోకు. పొద్దున బస్సు దిగేసరికి రాత్రి డార్మిటరీలో పుట్టిన జోకు ఒకటి తిరుగుతూ ఉంటుంది, దానికి అందరూ నవ్వుతారు, వీళ్ళకి అర్థం కాదు. సంచీ పెట్టుకునే చోటుండదు, వానలో తడిస్తే బట్టలు మార్చుకునే గది ఉండదు. అటు హాస్టల్ పిల్లలకి వీళ్ళంటే అసూయ, రోజూ ఇంటికి పోతారని. ఈ రెండింటి మధ్యా ఒక బేరం నడుస్తుంది: బయటి నుంచి కావలసినవి తెచ్చిపెట్టే డే స్కాలర్‌కి హాస్టల్ గుంపులో చోటు దొరుకుతుంది. దొరికిపోయిన రోజు సామాను తీసుకుని తిట్టి వదిలెయ్యకు, ఆ పిల్లకి చోటు కొనుక్కోవాల్సిన అవసరం ఎందుకొచ్చిందో చూడు. వాళ్ళకీ లాకర్ ఇప్పించు, హాస్టల్ టీముల్లో, పుట్టినరోజుల పట్టీలో వాళ్ళ పేర్లూ చేర్చు. రాత్రి ఫోన్ గ్రూపుల్లో జరిగే గొడవ డే స్కాలర్‌తో పాటే ఇంటికి పోతుంది, నీకు కనపడదు. అందుకే వాళ్ళ ఇళ్ళకి కూడా అప్పుడప్పుడు ఫోన్ చెయ్యి.

ఏడిపించడం గురించి. నార్వేలో స్థిరపడి 1970ల నుంచి దీన్ని పరిశోధించిన డాన్ ఒల్వేయస్ మూడు గుర్తులు చెప్పాడు: కావాలని చేయడం, మళ్ళీ మళ్ళీ చేయడం, ఇద్దరి మధ్యా బలంలో తేడా ఉండడం. ఆ మూడో గుర్తే మనవాళ్ళు మర్చిపోయేది. "ఇద్దరూ కొట్టుకున్నారు, ఇద్దరూ సారీ చెప్పుకోండి" అంటే, బలమైన పిల్లకి నువ్వు వంత పాడినట్టే. చోట్లు కూడా తెలిసినవే: స్నానాల క్యూ, మెట్లు, బస్సులో వెనక సీట్లు, ఒక గంటకీ ఇంకో గంటకీ మధ్య ఉండే ఖాళీ. తిరగాల్సింది అక్కడ. గది మార్చాల్సి వస్తే బాధపడుతున్న పిల్లని కదపకు, బాధపెట్టినదాన్ని మార్చు. సీనియర్లకి చిన్నవాళ్ళని కనిపెట్టుకునే పని ఇవ్వు, శిక్షించే అధికారం మాత్రం ఎంత మంచి పిల్లకైనా ఇవ్వకు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సిన మాట ఇది. ఒక రోజు ఒక పిల్ల వచ్చి "ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యండి, అప్పుడు చెప్తాను" అంటుంది. ఒట్టు వెయ్యకు. "నీకు హాని జరిగే విషయమైతే సాయం చెయ్యగలవాళ్ళకి చెప్పాల్సి వస్తుంది, ఎవరికి చెప్తానో నీకు ముందే చెప్తాను" అను. కొందరు అప్పుడే చెప్తారు, కొందరు రెండు రోజులాగి వస్తారు. చెప్తున్నప్పుడు మొహంలో అసహ్యం, కోపం కనపడనివ్వకు. "ఫలానా ఆయన నిన్ను ముట్టుకున్నాడా?" అని నువ్వే జవాబు అందించే ప్రశ్నలు వద్దు. "తర్వాత ఏమైంది?" చాలు. "అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అని మాత్రం పొరపాటున కూడా అనకు. ఆ రోజే, తేదీ, టైం వేసి, పిల్ల వాడిన మాటలు వాడినట్టే రాయి, నీ వ్యాఖ్యానం కలపకుండా. రాసి, బడిలో పిల్లల రక్షణ ఎవరి బాధ్యతో వాళ్ళ చేతికివ్వు. నువ్వే విచారణ మొదలుపెట్టకు, అవతలి మనిషిని నిలదీయకు. బడి పరువు పోతుందని ఎవరైనా ఆగమంటే ఆగకు, బయటి అధికారుల దాకా వెళ్ళు. తమకి సంబంధించిన విషయాల్లో పిల్లల అభిప్రాయం వినాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెప్తుంది. అందుకే తర్వాత ఏం జరుగుతుందో ఎప్పటికప్పుడు ఆ పిల్లకి చెప్తూ ఉండు. చెప్పాక నిశ్శబ్దం అయిపోతే ఎందుకు చెప్పానా అని కుమిలిపోతుంది.

ఇంట్లో ఎవరైనా పోయారన్న కబురు కూడా ఎప్పుడో నీ చేతికి వస్తుంది. పిల్లకి ఎవరు చెప్పాలో ముందు ఇంట్లోవాళ్ళనే అడుగు. నువ్వే చెప్పాల్సి వస్తే విడిగా కూర్చోబెట్టి, చనిపోయారని సూటిగా చెప్పు. "ఒంట్లో బాగాలేదు, రమ్మంటున్నారు" అని దారంతా అబద్ధంలో నడిపించకు. సర్దుకోవడానికి తోడు పంపు, ఫోన్ దగ్గర పెట్టు, గదిలో స్నేహితురాళ్ళకి ఏం చెప్పాలో ఆ పిల్లనే అడుగు.

చివరికి నీ గురించి. వారంలో సెలవు రోజంటే నీ గది తలుపు మూసుకోవడం కాదు, ఆవరణ దాటి బయటికి పోవడం. నీ బదులు ఉండేవాళ్ళకి నోటితో చెప్పి వెళ్ళకు, పుస్తకంలో రాసిపెట్టు: ఎవరికి మందు ఉంది, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు, ఎవరి ఇంటి నుంచి ఫోన్ రావాల్సి ఉంది. తిరిగొచ్చాక ముందు ఆ పుస్తకం చదివి, తర్వాతే పిల్లల్లోకి వెళ్ళు. లేకపోతే మొదట ఎదురుపడ్డ పిల్ల చెప్పిందే ఆ రోజంతటి కథ అయిపోతుంది.

రూమ్ అలాట్‌మెంట్ పట్టీ వేశాక ఎక్కడైనా తేలకపోతే ఫోన్ చెయ్యి. రాత్రి పది దాకా మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
నీ మేనత్త