ఎన్రో ఐదు రోజులు ఇచ్చినా ఈ.కోలై ఆగట్లేదు, కొలిస్టిన్ వాడొచ్చా?

మీరు చెప్పిన వివరాలు: 2,000 బ్రాయిలర్లు, 24వ రోజు, గురక, రోజురోజుకీ పెరుగుతున్న చావులు. కోడిని కోసి చూస్తే గుండె మీద, కాలేయం మీద తెల్లటి పొర. ఎన్రోఫ్లాక్సాసిన్ (ఎన్రో) అనే యాంటీబయాటిక్ ఐదు రోజులు పెట్టారు, తగ్గలేదు. మందుల షాపులో కొలిస్టిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ ఇమ్మన్నారు.

కొలిస్టిన్ వద్దు. మాంసం, గుడ్ల కోసం పెంచే కోళ్ళకీ పశువులకీ చేపలకీ దాన్ని వాడకుండా 2019 జులైలోనే కేంద్రం నిషేధించింది. చట్టం సంగతి పక్కనపెట్టినా మీ జబ్బుకి అది పనికిరాదు. నీళ్ళలో తాగించిన కొలిస్టిన్ పేగు దాటి రక్తంలోకి దాదాపుగా ఎక్కదు. మీ కోళ్ళలో ఈ.కోలై బ్యాక్టీరియా ఉన్నది మాత్రం గాలి సంచుల్లో, గుండె పొరలో, కాలేయం మీద. నియోమైసిన్‌దీ ఇదే కథ. పేగులో మిగిలిపోయిన కొలిస్టిన్ అక్కడున్న మామూలు ఈ.కోలైని చంపి, తట్టుకున్న వాటికి చోటు చేసిపెడుతుంది. ఆ తట్టుకునే గుణాన్నిచ్చే ఎంసీఆర్-1 జన్యువు సంగతి 2015లో చైనా శాస్త్రవేత్తలు బయటపెట్టారు. అది ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ చుట్ట) మీద కూర్చుని ఒక బ్యాక్టీరియా నుంచి పక్కదానికి, కోడి పేగు నుంచి మనిషి పేగుకీ దాటగలదు. కార్బాపెనెమ్‌లనే గట్టి యాంటీబయాటిక్‌లు కూడా పనిచెయ్యని క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా కేసు ఐసీయూలో ఉంటే డాక్టర్ల చేతిలో మిగిలే కొద్ది మందుల్లో కొలిస్టిన్ ఒకటి.

ఇక ఎన్రో ఎందుకు పనిచెయ్యలేదు? ల్యాబు రిపోర్టు లేకుండా రెసిస్టెన్స్ (బ్యాక్టీరియా మందుని తట్టుకోవడం) అనెయ్యకండి. అసలు మందు కోడి ఒంట్లోకి చేరిందో లేదో ముందు చూసుకోండి. మోతాదు కిలో బరువుకి 10 మిల్లీగ్రాములు. సగటు బరువు కిలో అనుకుంటే 2,000 కోళ్ళకి రోజుకి 20 గ్రాములు, అంటే 10 శాతం ద్రావణం 200 మి.లీ. చాలామంది సీసా మీది "2 లీటర్లకి 1 మి.లీ." లెక్క చూసి ట్యాంకులో కలిపేస్తారు. కోడి కిలో బరువుకి 200 మి.లీ. నీళ్ళు తాగితేనే ఆ లెక్క సరిపోతుంది. జబ్బు కోడి అందులో సగమే తాగుతుంది, దానికి 5 మిల్లీగ్రాములే అందుతుంది. ఎండాకాలం ఇది తిరగబడుతుంది, ఎక్కువ తాగి ఎక్కువ మందు మింగుతాయి. చాలీచాలని మోతాదు కొన్ని రోజులు పెట్టడమంత మంచి దారి రెసిస్టెన్స్‌కి ఇంకోటి లేదు. కాబట్టి లెక్క బరువు మీద కట్టి, ఆ రోజు మందంతా 4–6 గంటల్లో తాగేసే నీళ్ళలోనే కలపాలి.

నీళ్ళు కూడా మందుని తినేస్తాయి. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే ఎన్రో, డాక్సీసైక్లిన్, ఆక్సీటెట్రాసైక్లిన్ మూడూ వాటికి అతుక్కుని పేగులోంచి లోపలికి పోవు. ఎన్రో ద్రావణం క్షారగుణం కలది. దాన్ని ఆసిడిఫయర్‌తో (నీళ్ళని పుల్లబరిచే ఆమ్లం) ఒకే ట్యాంకులో కలిపితే తెల్లగా విరిగి నిపుల్ లైన్లలో పేరుకుంటుంది. మందు పెట్టే రోజుల్లో ఆసిడిఫయర్, కాల్షియం టానిక్కు, క్లోరిన్ ఆపెయ్యాలి.

ఇవన్నీ సరిగ్గానే చేశామంటే అప్పుడు సెన్సిటివిటీ టెస్టు, అంటే ఏ మందుకి ఆ బ్యాక్టీరియా చస్తుందో ల్యాబులో చూడటం. నిన్న రాత్రి చచ్చి ఉబ్బిన కోడిని తీసుకెళ్ళకండి, అందులో పెరిగేవన్నీ కుళ్ళు బ్యాక్టీరియాలే. జబ్బు ముదిరిన బతికున్న కోళ్ళు నాలుగైదు ఇస్తే మేలు. లేదంటే చచ్చి రెండు మూడు గంటలు దాటనివి ఐస్ డబ్బాలో పెట్టి పంపండి, గడ్డకట్టించొద్దు. ఏ మందు ఎన్ని రోజులు వాడారో కాగితం మీద రాసివ్వండి. హైదరాబాద్ శాంతినగర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థ వీబీఆర్ఐ, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల, ఆంధ్రాలో తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం, జిల్లా వ్యాధి నిర్ధారణ ల్యాబులు, వీటిలో మీకు దగ్గరున్నదాన్ని అడగండి. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది.

రిపోర్టులో సిప్రోఫ్లాక్సాసిన్ (ఎన్రో కుటుంబం మందే) బిళ్ళ చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం 21 మి.మీ. లేదా అంతకన్నా తక్కువుంటే ఎన్రో మీద ఆశ వదులుకోవాల్సిందే. 26, ఆపైన ఉంటే తేడా మందులో కాదు, మోతాదులోనో నీళ్ళలోనో ఉంది. సెఫొటాక్సిమ్ అనే యాంటీబయాటిక్ కూడా రెసిస్టెంట్ అని వస్తే ఈఎస్‌బీఎల్ (పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ మందులని విరగ్గొట్టే ఎంజైము) ఉన్న రకమని అనుమానించాలి. కొలిస్టిన్ బిళ్ళ ఫలితం ఇచ్చిన రిపోర్టైతే ఆ గడిని చూడకండి. ఆ మందు అగార్‌లో (ల్యాబులో బ్యాక్టీరియాని పెంచే జెల్లీ) సరిగా పాకదు, బిళ్ళ పద్ధతిలో వచ్చిన కొలతకి విలువ లేదు.

బ్యాచ్‌కో మందు మారిస్తే రెసిస్టెన్స్ రాదని మన ఫారాల్లో గట్టి నమ్మకం. ఒకే ప్లాస్మిడ్ మీద టెట్రాసైక్లిన్, సల్ఫా, స్ట్రెప్టోమైసిన్‌లని తట్టుకునే జన్యువులు వరసగా ఉండటం మామూలే. ఏ ఒక్కటి వాడినా మొత్తం వరస బతుకుతుంది. మార్చడం కాదు, మానడమే కావాలి. కోడిపిల్లలు దిగీదిగగానే మూడు రోజులు ఎన్రో కోర్సు పెట్టే అలవాటు ముందు మానాలి. ఇంటిగ్రేషన్‌లో (కంపెనీకి కాంట్రాక్టు మీద కోళ్ళు పెంచడం) ఉన్నవాళ్ళకి సూపర్‌వైజర్ మందు డబ్బా తెచ్చి ఇచ్చేస్తే కాదనడం కష్టం, అది నాకూ తెలుసు. రిపోర్టు చేతిలో ఉంటే కనీసం మాట్లాడటానికి ఆధారం ఉంటుంది.

మూడు నాలుగు వారాల వయసులో వచ్చే గురకలో ఈ.కోలై సాధారణంగా వెనకాల వచ్చే చుట్టం. ముందు అమ్మోనియా వాయువో మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియానో టీకా రియాక్షనో శ్వాసనాళం లోపలి పొరని దెబ్బతీస్తుంది. అందుకే మందుకి తగ్గినట్టు తగ్గి మళ్ళీ లేస్తుంది. షెడ్డులోకి అడుగుపెట్టగానే కళ్ళు మండితే అమ్మోనియా 25 పీపీఎం దాటిందనుకోండి. ఈ రాత్రి నుంచే పరదాలు పైనుంచి జానెడు దించి ఉంచండి, చలి ఉన్నా సరే. ఊక పిడికిట్లో నొక్కి వదిలితే ముద్దలా నిలిచిందా, తడి ఎక్కువ. అట్టకట్టింది తీసేసి పొడి ఊక వేసి, కారే నిపుల్స్ మార్చండి. కోళ్ళుండగా సున్నం మాత్రం చల్లొద్దు, అది అమ్మోనియాని ఇంకా ఎగదోస్తుంది.

మందు కోర్సు అయ్యాక నీళ్ళ సంగతి పట్టించుకోండి. వెయ్యి లీటర్లకి 30 శాతం బ్లీచింగ్ పౌడర్ 10 గ్రాములు కలిపితే 3 పీపీఎం క్లోరిన్. అరగంట ఆగి వదిలి, ట్యాంకు దగ్గర కాదు, చివరి నిపుల్ దగ్గర పరీక్షించండి. అక్కడ సున్నా వస్తే గొట్టాల్లో జిగట పేరుకుందని అర్థం. బ్యాచ్ ఎత్తేశాక హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో లైన్లు కడగాలి. మూతి తెరిచి ఉంచిన పాత బ్లీచింగ్ సంచిలో క్లోరిన్ మిగలదు. టీకా నీళ్ళలో పెట్టే ముందు రోజు నుంచి క్లోరిన్ ఆపాలి.

రిపోర్టు చూసి డాక్టరు వేరే మందు రాస్తే, కొనేముందు లేబుల్ మీద విత్‌డ్రాయల్ గడువు (చివరి డోసు తర్వాత అమ్మకుండా ఆగాల్సిన రోజులు) చదవండి. గడువు రాయని మందైతే 2012 నుంచి ఉన్న నిబంధన ప్రకారం చివరి డోసు తర్వాత మాంసానికి కనీసం 28 రోజులు. 24వ రోజున మొదలెట్టి ఐదు రోజులు పెడితే 28వ రోజు చివరి డోసు, 56వ రోజు దాకా అమ్మకూడదు. 40వ రోజున లిఫ్టింగ్ (అమ్మకానికి ఎత్తడం) ఉన్న బ్యాచ్‌కి అలాంటి సీసా కొనడమే దండగ. ఒక్కోసారి మందు ఆపేసి, గాలి బాగుచేసి, ముదిరినవి ఏరేసి మిగతావాటిని లాక్కురావడమే లెక్కకి తక్కువ నష్టం.