సమాధానం: అడ్వాన్సు అడిగితే విలువలు వదిలేసినట్టేనా?

మీరు మార్చింది పద్ధతిని, విలువను కాదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ షెడ్డు పెట్టినప్పుడు నోటిమాట మీదే పని చేశారు, ఇప్పుడు అడ్వాన్సు, రాత లేనిదే చెక్క కోయట్లేదు, అందుకే పాత మేస్త్రీలు "ఓనరు మారిపోయాడు" అంటున్నారన్నారు. అప్పట్లో బాకీ ఎగిరిపోతే నష్టం మీ ఒక్కరిదే. ఇప్పుడు షెడ్డులో అందరి శనివారం కూలీ ఆగుతుంది.

1. డబ్బు పోతుందని తెలిసీ మీరు ఒప్పుకోనివి రాసుకోండి. ఓవర్‌సైజు బాడీ కట్టనన్నారా? పాత చెక్కకు కొత్త బిల్లు వేయనన్నారా? విలువలంటే అవే. గోడ మీద విలువలంటూ రాసిపెట్టే బోర్డును నేనైతే లెక్కలోకి తీసుకోను.

2. అందరూ వదిలేసేది ఇది: కారణం చెప్పడం. నోటీసు అంటించి ఊరుకోకండి. మేస్త్రీలను కూర్చోబెట్టి, ఏ బాకీ వల్ల ఈ రూలు వచ్చిందో ఖాతా పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించండి. వాళ్లు ఏమన్నా అననివ్వండి, మధ్యలో అడ్డుపడొద్దు.

3. రూలు మీకూ వర్తించాలి, మీరు కొన్నదానికి మీరూ టైముకు డబ్బు కట్టాలి. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉన్న చిన్న తయారీదారు దగ్గర సరుకు తీసుకుంటే, చిన్న సంస్థల కోసం తెచ్చిన 2006 ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజుల్లోపు చెల్లించాలి.

బావమరిది లారీకి మాత్రం అడ్వాన్సు మినహాయించకండి.