ముందు తమ్ముడి గడప తొక్కండి, నోటీసు సంగతి తర్వాత

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. వ్యవసాయ కుటుంబం. 1981లో, 18 ఏళ్లకే సైన్యంలో చేరాను. సైన్యం బండ్లు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగం సికింద్రాబాద్ సెంటర్‌లో వెహికల్ మెకానిక్‌గా శిక్షణ పొంది, శ్రీలంక, కశ్మీర్, అస్సాం తిరిగి 2005లో హవల్దార్‌గా రిటైరయ్యాను. అప్పటినుంచి గూడెంలో ట్రాక్టర్లు, డీజిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డు నడుపుతున్నాను. నాన్న పంచి ఇచ్చిన రెండెకరాలకు పాస్‌బుక్ నా పేరునే ఉంది. మొదటినుంచీ సాగు మాత్రం తమ్ముడిదే. బయటివాళ్లు ఎకరానికి ఏడాదికి 30 బస్తాల కౌలు ఇస్తుంటే వాడు 10 బస్తాలే ఇస్తాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి పొలం అమ్మి ఫ్లాట్ కొందామంటున్నాడు. తమ్ముడితో చెబితే "నీ ఇష్టం అన్నయ్యా" అని లేచి వెళ్లిపోయాడు. రెండు నెలలుగా షెడ్డు వైపు రావడం లేదు. మా ఆవిడ కూడా వాడి పక్షమే మాట్లాడుతోంది. ఇన్నేళ్లు సాగు చేశాడు కాబట్టి పొలం మీద వాడికి హక్కు వస్తుందా? లాయర్ నోటీసు ఇవ్వమంటారా?

జవాబు: హక్కు రాదు. పన్నెండేళ్లు దాటితే దున్నినవాడిదే భూమి అని ఊళ్లలో అంటుంటారు. అది యజమానికి అడ్డం తిరిగి, ఈ భూమి నాదేనని బాహాటంగా పట్టుకు కూర్చున్నవాడి సంగతి. మీ అనుమతితో, మీకు కౌలు కొలుస్తూ చేసినవాడికి ఎన్నేళ్లయినా భూమి సొంతం కాదు. ఏ లాయర్‌ని అడిగినా ఇదే చెబుతారు. మీ ప్రశ్నకు జవాబు ఇంతే. నోటీసు అవసరం లేదు.

మీ ఉత్తరం చాలా పెద్దది, పైన కుదించి ఇచ్చాం. అందులో ఏ సంవత్సరం ఎక్కడ పోస్టింగో, జాఫ్నాలో ఏ బండి ఎలా చెడితే ఎలా నడిపించారో వివరంగా రాశారు. ఎంతో గౌరవంతో చదివాను. అదే ఉత్తరంలో మీ నాన్నగారి గురించి మూడు వాక్యాలే ఉన్నాయి. పక్షవాతం వచ్చి నాలుగేళ్లు మంచంలో ఉన్నారు. మీరు ప్రతి నెలా మనియార్డర్ పంపారు. సెలవు దొరికి వచ్చేసరికి మూడోరోజు అయింది కాబట్టి తమ్ముడే తలకొరివి పెట్టాడు.

మీరు డబ్బు పంపడంలో లోటు చేయలేదు. సెలవు దొరక్కపోవడం మీ తప్పూ కాదు. కానీ ఆ నాలుగేళ్లు నాన్నగారిని ఎత్తి కూర్చోబెట్టింది, పక్కబట్టలు మార్చింది, రాత్రిళ్లు లేచి చూసింది ఎవరు? మీ తమ్ముడూ మరదలూ. పెద్దకొడుకుగా మీరు చేయాల్సిన పని అతను చేశాడు. "ఊరు వదిలి రాను" అన్న అమ్మగారు చివరిదాకా ఉన్నది కూడా అతనింట్లోనే. మీరు రిటైరై గూడెం వచ్చాక కూడా. ఎకరానికి 20 బస్తాల చొప్పున ఏడాదికి 40 బస్తాలు నష్టపోతున్నానని లెక్క వేసుకున్నారు. ఆ 40 బస్తాల్లో మీ అమ్మానాన్నల తిండి, మందులు, చాకిరీ ఎంతో కూడా లెక్క వేయండి.

సైనికుడి మీద నాకున్న గౌరవం చిన్నది కాదు. మీ పక్కనే మాధవరం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటినుంచి సైన్యానికి బిడ్డలను పంపిన ఊరు, మిలటరీ మాధవరం అనే పిలుస్తాం. అలాంటి ఊళ్లలో ఒక కొడుకు యూనిఫాం వేసుకోగలిగాడంటే, ఇంకొకరెవరో ఇంటి దగ్గర ఉండి సార్వా, దాళ్వా పంటలు చూసుకున్నారనే అర్థం. మీ సర్వీసుకు దేశం పెన్షన్ ఇస్తోంది. ఒకే ర్యాంకు ఒకే పెన్షన్ 2014 జూలై 1 నుంచి వర్తించింది. జబ్బు చేస్తే మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ ఉంది, సరుకులకు క్యాంటీన్ ఉంది. పైగా షెడ్డు సంపాదన. ఇవన్నీ మీరు కష్టపడి తెచ్చుకున్నవే, ఎవరూ కాదనరు. మీ తమ్ముడికి అరవై దగ్గరపడుతోంది. అతనికి ఏముంది? మీ రెండెకరాలు పోతే మిగిలేది అతని రెండెకరాలే. ఈ వయసులో కొత్త పని నేర్చుకోమంటారా?

మీ ఆవిడ తమ్ముడి పక్షం మాట్లాడుతోందని బాధపడ్డారు. ఫీల్డ్ పోస్టింగులకు కుటుంబాన్ని తీసుకెళ్లడం కుదరక ఆమెనూ పిల్లాడినీ ఊళ్లోనే ఉంచానని మీరే రాశారు. పిల్లాడికి జ్వరమొస్తే అర్ధరాత్రి భుజాన వేసుకుని గూడెం ఆస్పత్రికి తెచ్చింది వాళ్ల బాబాయే అనీ రాశారు. ఆమె ఆ ఇంట్లో ఉండి కళ్లారా చూసింది. అందుకే అలా మాట్లాడుతోంది. ఈ విషయంలో మీకంటే ఆవిడ మాటకే నేను విలువిస్తాను.

అబ్బాయి సంగతి ఒక్క మాటలో చెబుతాను. ఉద్యోగం ఉంది, బ్యాంకు లోన్లు ఉన్నాయి, ఫ్లాట్ తన సంపాదనతో కొనుక్కోవచ్చు. తనను భుజాన మోసిన బాబాయిని పొలం నుంచి లేపి ఇల్లు కట్టుకోవడం మంచిది కాదని తండ్రిగా మీరే చెప్పాలి.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ఫోన్‌లో కాకుండా, పెద్దమనుషుల్ని వెంటేసుకోకుండా, మీ ఆవిడతో కలిసి తమ్ముడింటికి వెళ్లండి. పొలం మాట మీరు ఎత్తొద్దు. "నాన్నకు నేను చేయాల్సింది నువ్వు చేశావురా, ఇన్నేళ్లూ నీకు ఆ మాట చెప్పలేదు" అనండి. హవల్దార్‌గా ఆర్డర్లు ఇచ్చిన నోటికి ఇది కష్టమే. అయినా అనాలి. మరదలు ఎదురుగానే అనాలి, ఆ చాకిరీలో సగం ఆమెది. డబ్బు తీసుకోకుండా అతని ట్రాక్టర్ బాగుచేశానని ఉత్తరంలో రాశారు, ఆ విషయం మాత్రం ఆ రోజు గుర్తు చేయకండి.

తర్వాత ఒక పని కాగితం మీద చేయండి. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం తమ్ముడికి కౌలు కార్డు కావాలంటే భూమి యజమాని సంతకంతో 11 నెలల ఒప్పందం ఉండాలి. మన జిల్లాల్లో ఆ సంతకానికి భయపడి యజమానులు వెనకాడుతుంటారు. కార్డు లేకపోతే పంట రుణమైనా, తుఫానుకు పోయిన పంటకు పరిహారమైనా కౌలుదారుకు అందడం కష్టం. మీరు ఇప్పటిదాకా సంతకం పెట్టకపోతే వెంటనే పెట్టండి. దానివల్ల మీ హక్కు ఎక్కడికీ పోదు. ఎప్పుడైనా అమ్మక తప్పని అవసరం వస్తే ముందు తమ్ముడినే అడగండి, వాయిదాల మీద అతను ఇవ్వగలిగిన ధరకు ఇవ్వండి. ఎకరం బయట ఎంత పలుకుతోందో అతనికి చెప్పకండి. అతనికీ తెలుసు.

ఈ దాళ్వా అయ్యేదాకా అమ్మకం ఊసే వద్దని అబ్బాయికి ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి. వాళ్ల బాబాయితో మాట్లాడి ఎన్నాళ్లయిందో కూడా అడగండి.