హైబ్రిడ్ కారుకు కొత్త టైర్లు: నాలుగూ ఒకేసారి కొనాలా? ఈఎంఐ తీసుకోవాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, మధురవాడ. మా వారు కూర్మన్నపాలెంలో ఉద్యోగానికి రోజూ కారులోనే వెళ్తారు. రానూపోనూ దాదాపు 60 కి.మీ., ఏడాదికి 15,000 కి.మీ. అవుతుంది. స్ట్రాంగ్ హైబ్రిడ్ కారు (పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మోటారుతోనూ నడిచేది) కొని మూడేళ్లు కావస్తోంది, 42,000 కి.మీ. తిరిగింది. లీటరుకు 20 ఇస్తోంది. టైర్లు ఎప్పుడూ ముందువి వెనక్కి మార్పించలేదు. షాపులో కొలిస్తే ట్రెడ్ (టైరు పైభాగంలోని గాడులు) లోతు ముందు 2 మి.మీ., వెనక 4 మి.మీ. వచ్చింది. సైజు 215/60 ఆర్17 96హెచ్. ఒక రకం టైరు రూ.8,800, పెట్రోలు ఆదా చేసే రకం రూ.11,900 అంటున్నారు. రెండో రకం వేయిస్తే లీటరుకు 2 కి.మీ. పెరుగుతుందట. నాలుగూ తీసుకుంటే ఆరు నెలల నో-కాస్ట్ (వడ్డీ పడదనే) ఈఎంఐ ఉంది, మొత్తం నగదు ఇస్తే రూ.1,500 తగ్గిస్తారు. ఈ నెల చేతిలో రూ.28,000 ఉన్నాయి. నెలకు రూ.6,000 సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలవారీ పెట్టుబడి) కడుతున్నాం. అత్యవసర నిధి రూ.90,000 ఉంది. సిప్ ఆపాలా, నిధిలోంచి తీయాలా, ఈఎంఐకి వెళ్లాలా? – ఓ పాఠకురాలు

జవాబు: సిప్ ఆపొద్దు, నిధి కదపొద్దు, ఈఎంఐ అసలే వద్దు. చేతిలో ఉన్న డబ్బుతో రెండో రకంలో రెండు టైర్లు ఇప్పుడు వేయించండి. మిగతా రెండూ డిసెంబరులో. అయితే రెండో రకం కొనే ముందు షాపులో ఒక విషయం తేల్చుకోవాలి. అది పెట్రోలుకు సంబంధించింది కాదు, మన్నికకు సంబంధించింది.

నాలుగింటికి మొదటి రకం రూ.35,200, రెండోది రూ.47,600. తేడా రూ.12,400. ఈ తేడా పెట్రోలులో తిరిగొస్తుందా? టైరు దొర్లేటప్పుడు రబ్బరు నలుగుతూ, సాగుతూ కొంత శక్తిని వేడిగా పోగొడుతుంది. రోలింగ్ రెసిస్టెన్స్ అంటే ఇదే. హైబ్రిడ్ కారు బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిలో కొంత బ్యాటరీకి తిరిగి పంపుతుంది కానీ, టైరులో వేడిగా పోయింది మాత్రం మళ్లీ రాదు. అందుకే హైబ్రిడ్‌కు టైరు ఎంపిక ముఖ్యం. కానీ రోలింగ్ రెసిస్టెన్స్ 10 శాతం తగ్గితే పెట్రోలులో మిగిలేది 1 నుంచి 2 శాతమే. లీటరుకు 2 కి.మీ. పెరగడమంటే 10 శాతం. దానికి ఆ నిరోధం కనీసం సగానికి పడిపోవాలి. ఒకే సైజు టైర్ల మధ్య మామూలుగా అంత తేడా ఉండదు. ఆ మాట నమ్మి డబ్బు పెట్టకండి.

కాస్త ఉదారంగా 4 శాతం తేడా అనుకుందాం. రెండో రకంతో లీటరుకు 20, మొదటి రకంతో 19.2 వస్తుంది. పెట్రోలు రూ.110 లెక్కన కిలోమీటరుకు రూ.5.50, రూ.5.73 పడుతుంది. తేడా 23 పైసలు. ఎక్కువ పెట్టిన రూ.12,400 రాబట్టాలంటే దాదాపు 54,000 కి.మీ. తిరగాలి. మీ ముందు టైర్లు 42,000కే ఆఖరుకొచ్చాయి. ఒక్క పెట్రోలు ఆదా కోసమే అయితే రెండో రకం గిట్టుబాటు కాదన్నమాట.

మన్నిక కలిపితే లెక్క మారుతుంది. మొదటి రకం 38,000 కి.మీ., రెండోది 48,000 కి.మీ. వస్తే టైరు ఖర్చు కిలోమీటరుకు 93 పైసలు, 99 పైసలు. పెట్రోలు కూడా కలిపితే రూ.6.66, రూ.6.49. మీరు తిరిగే దూరానికి ఏడాదికి దాదాపు రూ.2,500 రెండో రకంలోనే మిగులుతుంది. అదే రెండూ 40,000 దగ్గరే అరిగిపోతే టైరు ఖర్చు 88 పైసలు, రూ.1.19. అప్పుడు మొదటి రకమే కిలోమీటరుకు 8 పైసలు నయం.

కాబట్టి షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న, కొత్త టైరు ట్రెడ్ లోతు ఎంత అని. పెట్రోలు ఆదా కోసం కొన్ని రకాల్లో ట్రెడ్‌ను పల్చగా పోస్తారు. నోటిమాట వద్దు, ఎదురుగా గేజి పెట్టి కొలవమనండి. 8 మి.మీ. దరిదాపుల్లో ఉంటే తీసుకోండి. 7 కంటే తక్కువైతే ఆ ధర పెట్టొద్దు. పక్క గోడ మీద ‘ట్రెడ్‌వేర్’ (అరుగుదలను ఎంత తట్టుకుంటుందో చెప్పే) అంకె ఉంటే అది ఒకే కంపెనీ రకాలను పోల్చుకోవడానికి పనికొస్తుంది, వేర్వేరు కంపెనీల మధ్య దాన్ని అంతగా నమ్మలేం. ఫ్రిజ్‌లకు, ఏసీలకు ఉన్నట్టే టైర్లకూ బీఈఈ (కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ) స్టార్ లేబుల్ ఉంది. ఎక్కువ స్టార్లుంటే రోలింగ్ రెసిస్టెన్స్ తక్కువని అర్థం. ఎన్నేళ్లు మన్నుతుందో ఆ స్టార్లు చెప్పవు.

తడి రోడ్డు మీద పట్టు విషయంలో మాత్రం పైసల లెక్క చూడొద్దు. హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్‌ఏడీ, గాజువాక మీదుగా వెళ్లే దారి మీది. జూన్ నుంచి నవంబరు దాకా వాన ఎప్పుడు ముంచెత్తుతుందో తెలియదు, లారీల రద్దీ సరేసరి. యూరప్ లేబుల్ ఉన్న మోడల్ అయితే తడి పట్టుకు ‘ఎ’ నుంచి ‘ఇ’ వరకు అక్షరం ఇస్తారు. ‘ఎ’ గానీ ‘బి’ గానీ ఉన్నదే చూసుకోండి. పెట్రోలు మిగిల్చి తడిలో జారే టైరు ఎంత చవకైనా వద్దు.

ఏడాదికి ఆరేడు వేల కిలోమీటర్లే తిరిగేవారికి ఈ లెక్క వర్తించదు. మన ఎండలకు, ఉక్కపోతకు ట్రెడ్ అరగకముందే రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. వాళ్లకు తడి పట్టు బాగున్న మామూలు రకం చాలు.

ఇక రెండా, నాలుగా అన్నది చూద్దాం. ఈ కార్లలో మోటారు లాగేదీ, బ్రేకు వేసినప్పుడు బ్యాటరీకి కరెంటు తీసుకునేదీ ముందు చక్రాల నుంచే. అందుకే, కొత్తలో లోతు 8 మి.మీ. అనుకుంటే, ముందు టైర్లు 6 మి.మీ. అరిగితే వెనకవి 4 మాత్రమే అరిగాయి. చట్టం ఒప్పుకునే కనీస లోతు 1.6 మి.మీ. ముందువి ఈ వానల్లో తిప్పకూడదు, వెనకవాటిలో ఇంకా సరుకుంది. ఆ రెంటినీ ముందుకు తెచ్చి, కొత్త జతను వెనక వేయించండి. చాలా షాపుల్లో కొత్తవి ముందు చక్రాలకే వేస్తారు, గట్టిగా చెప్పండి. తడి రోడ్డు మీద వెనక చక్రాలు పట్టు తప్పితే బండి గిర్రున తిరిగిపోతుంది, దాన్ని అదుపు చేయడం మామూలు డ్రైవరు వల్ల కాదు. ముందుకొచ్చిన పాత జత ఇదివరకటి ముందు టైర్లలా 7,000 కి.మీ.కి 1 మి.మీ. చొప్పున అరిగినా డిసెంబరు దాకా 3 మి.మీ. దగ్గర ఉంటుంది. నెల నెలా గేజితో చూసుకోండి, 3 కిందికి పోతే డిసెంబరు దాకా ఆగొద్దు.

రెండు టైర్లకు రూ.23,800. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్, వాల్వులు కలుపుకొన్నా మీ రూ.28,000 దాటదు. అలైన్‌మెంట్ రెండోసారి డిసెంబరులో మళ్లీ చేయించాలి, ఆ కొద్ది ఖర్చు తప్పదు. అయినా ఈఎంఐ కంటే ఇదే నయం. నో-కాస్ట్ అంటున్నారు కానీ, ముందు మీరు రూ.1,500 నగదు తగ్గింపు వదులుకుంటున్నారు. పైన బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగంపై 18 శాతం జీఎస్టీ మీ కార్డు మీదే పడతాయి. 16 శాతం వడ్డీ మీద లెక్కేస్తే రూ.47,600కు ఆరు నెలల వడ్డీ రూ.2,200 పైన, దాని మీద జీఎస్టీ రూ.400. ఆ వడ్డీని షాపు భరించినా వదులుకున్న తగ్గింపు, ఫీజు, జీఎస్టీ కలిపి మీకు రూ.2,000 దాటుతుంది. ఒక్క వాయిదా తప్పినా కార్డు వడ్డీ ఏడాదికి 40 శాతం పైమాటే. ఎప్పుడైనా రోడ్డు మీద టైరు పగిలి చేతిలో డబ్బు లేకపోతే కార్డు కంటే అత్యవసర నిధే వాడండి. అరిగిపోవడం మాత్రం ముందే తెలిసిన ఖర్చు, దానికి ఆ నిధి అక్కర్లేదు.

డిసెంబరు జత కోసం ఈ నెల నుంచే ఆరు నెలలకు రూ.4,000 చొప్పున ఆర్‌డీ (బ్యాంకులో నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వేయండి. ఆ తర్వాత కూడా ఆపకుండా నెలకు రూ.1,400కు తగ్గించి మూడేళ్ల పైన కొనసాగించండి, వచ్చే సెట్టు నగదుతోనే వస్తుంది. ఈ రూ.1,400 ఎక్కడిదంటే, అదే సైజు మామూలు పెట్రోలు కారు ఈ దారిలో 14 ఇస్తుందనుకుంటే హైబ్రిడ్ వల్ల మీకు నెలకు రూ.2,900 దాకా మిగులుతోంది. అందులో సగం టైర్ల పేర పక్కన పెట్టడం న్యాయమే.

షాపులో దగ్గరుండి చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పక్క గోడ మీద డాట్ కోడ్ చివరి నాలుగంకెలు తయారీ వారం, ఏడాది. 1025 అంటే 2025లో పదో వారం. ఆరు నెలలు దాటిన సరుకైతే ధర తగ్గించమనండి, రెండేళ్లు దాటితే వద్దనండి. సైజు చివర ఉన్న 96 టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే లోడ్ నంబరు, అంతకంటే తక్కువది ఒప్పుకోవద్దు, బ్యాటరీ బరువు కూడా ఈ టైర్లే మోయాలి. వెడల్పు సైజుకు మారితే మైలేజీ పోతుంది, వారంటీ, బీమా దగ్గర పేచీలొస్తాయి. ‘ఈవీ’ అని రాసి ఉన్న టైరుకు ఎక్కువ పెట్టాల్సిన పని లేదు. కారు టైర్లపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, బిల్లులో అదే పడిందో లేదో చూడండి. బిల్లు మీద టైరు సీరియల్ నంబర్లు రాయించుకోండి, వారంటీకి అవే ఆధారం.

పాత టైరు ఊడదీశాక రిమ్ అంచు చూడండి. సముద్రపు గాలికి అల్లాయ్ అంచున తెల్లగా పొరలు కడుతుంది. దాన్ని బ్రష్‌తో శుభ్రం చేయకుండా కొత్త టైరు ఎక్కిస్తే వారం వారం గాలి దిగుతూ ఉంటుంది, పంక్చరు వెతికినా దొరకదు. జాకీ ఎక్కించే ముందు కారు పూర్తిగా ఆపి, తాళం దూరంగా పెట్టండి. డ్యాష్‌బోర్డుపై ‘రెడీ’ అని చూపిస్తూ ఆన్‌లో ఉన్నా హైబ్రిడ్ చప్పుడు చేయదు. జాకీని మాన్యువల్‌లో చూపిన చోటే పెట్టాలి. నట్లు చివర్న టార్క్ రెంచితో (ఎంత బిగువు కావాలో అంతే బిగించే పానాతో) బిగించాలి.

కొత్త టైర్లతో మొదటి రెండు మూడు వేల కిలోమీటర్లు మైలేజీ తగ్గినట్టు కనిపిస్తే బ్యాటరీ పోయిందని కంగారుపడొద్దు. కొత్త ట్రెడ్ మందంగా ఉండడంతో దొర్లుడుకు శక్తి కాస్త ఎక్కువ పడుతుంది. పొద్దున బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి చూసి, డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరుపై ఉన్న అంకెకు సరిచేస్తే చాలా వరకు సర్దుకుంటుంది. డిసెంబరులో నాలుగూ కొత్తవయ్యాక ప్రతి 10,000 కి.మీ.కి ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్పించండి.

బీమాలో టైరు మాత్రమే పాడైతే మామూలు కాంప్రహెన్సివ్ పాలసీ పైసా ఇవ్వదు. బండికీ దెబ్బ తగిలితేనే టైరు ఖర్చులో సగం ఇస్తుంది. టైరు కవర్ అనే యాడ్-ఆన్ (అదనపు ప్రీమియంతో తీసుకునే రక్షణ) కోతలకు, ఉబ్బులకు, పగలడానికి వర్తిస్తుంది, అరుగుదలకు కాదు. మిగిలిన ట్రెడ్‌ను బట్టి ఇచ్చే సొమ్ము తగ్గుతూ పోతుంది. కాబట్టి వచ్చే రెన్యువల్‌లో ఒక్క ఏడాదికి తీసుకోండి. ట్రెడ్ సగానికి వచ్చాక ఆ ప్రీమియం కట్టొద్దు, ఆ డబ్బును కూడా ఆర్‌డీలోనే వేసుకోండి.