లంక గ్రామానికి ఏ నెట్‌వర్క్ సరిపోతుందో తేల్చుకోవడం ఎలా?

అమలాపురంలో చురుగ్గా పనిచేసే 5జీ సిమ్ గోదావరి పాయల మధ్యనున్న లంక గ్రామంలోని మీ ఇంట్లో ఎందుకు మొరాయిస్తోందని, ఏ కంపెనీకి మారాలని అడిగారు. కవరేజీ వేరు, వేగం వేరు. 700, 900 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ పౌనఃపున్య తరంగాలు దూరం సాగి గోడలను కొంతవరకు దాటగలవు గాని, వాటిపై అందే వేగం పరిమితం. 3500 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో నడిచే 5జీ చాలా వేగవంతమైనదే అయినా, టవరు దూరమైనప్పుడు, మధ్యలో దట్టమైన కొబ్బరితోటలు ఉన్నప్పుడు, అందులోనూ వానకు ఆకులు తడిసినప్పుడు త్వరగా బలహీనపడుతుంది.

కంపెనీలు చూపే కవరేజీ పటాలు ఆరుబయటి అంచనాలే. అందువల్ల ఇరుగుపొరుగు వారి సిమ్‌లను అడిగి తీసుకుని, మీ పడకగదిలోనూ ఏటిగట్టు మీదా, రద్దీ ఎక్కువగా ఉండే రాత్రి వేళ, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి మైస్పీడ్ యాప్‌తో పరీక్షించండి. ఫోన్ సెట్టింగుల్లో 4జీ సిగ్నల్ మైనస్ 90 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర ఉంటే బాగున్నట్టు, మైనస్ 110 కన్నా కిందికి పడిపోతే బలహీనమైనట్టు.

వేగం కన్నా నేను ఎక్కువ విలువనిచ్చేది మరొకటి ఉంది: 2022 జులై వరదల్లో కరెంటు పోయినప్పుడు ఏ నెట్‌వర్క్ పలికిందో ఊరివారిని అడగండి, ఎందుకంటే పడవ కోసమో వైద్యం కోసమో ఆ రోజున మాట కలవడమే ముఖ్యం.

నంబరు మార్చుకోకుండానే కంపెనీ మారవచ్చు. ఇంగ్లిష్‌లో PORT అని రాసి, ఖాళీ వదిలి, మీ నంబరు చేర్చి 1900కు సందేశం పంపాలి. ప్రస్తుత కంపెనీలో 90 రోజులు పూర్తయి ఉండాలి.