అల్లిక ముచ్చట్లు: మిగిలిన నూలుతో గుర్తు రింగులు

ప్రశ్న: అక్కా, మా అబ్బాయి ఢిల్లీలో చదువుతున్నాడు. వాడి కోసం స్వెట్టర్ మొదలుపెట్టాను. సూదిపై 96 కుట్లు ఉన్నాయి, ఎప్పుడు లెక్కపెట్టినా ఒకటో రెండో తేడా వస్తోంది. కుట్ల మధ్య గుర్తుకు పెట్టే రింగులు ఇక్కడి దుకాణాల్లో దొరకలేదు. డబ్బా నిండా పాత ఊలు, నూలు ముక్కలు ఉన్నాయి. వాటితో చేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: చేసుకోవచ్చు చెల్లీ, కొనవలసిన అవసరమే లేదు. ముందు ఆ ముక్కలను వేళ్ళతో తడిమి చూడండి. నూగు లేచే ఊలును పక్కన పెట్టండి, అది అల్లికకు అంటుకుని సూది మీద జారదు. మనకు కావలసింది నున్నటి నూలు. పుట్టపాకలో మా మేనత్త ఇంట్లో మగ్గం ఉండేది. చీర కోశాక మిగిలిన పడుగు కొసలను ఆమె కట్టలు కట్టి మేకుకు తగిలించేది. నాలుగు పోగులు కలిపి పురిపెడితే ఎంత గట్టి దారం అవుతుందో అక్కడే చూశాను. నా రింగులన్నీ ఇప్పటికీ అటువంటి నూలుతోనే.

మీరు అల్లేది 10 నంబరు సూదితో అయితే, అంటే 3.25 మిల్లీమీటర్లది, రింగును 8 నంబరు సూది చుట్టూ ముడివేయండి. అది 4 మిల్లీమీటర్లు. పాత లెక్కలో నంబరు తగ్గేకొద్దీ సూది లావవుతుంది. అప్పుడు రింగు మీ సూది మీద సులువుగా జారుతుంది. 24 కుట్లకు ఒకటి చొప్పున మూడు రింగులు పెడితే 96 నాలుగు భాగాలవుతుంది. తప్పు ఏ భాగంలో ఉందో ఆ భాగాన్ని మాత్రమే లెక్కపెట్టుకుంటే చాలు.

రింగుల కంటే నాకు ప్రాణం కాపుదారం. ఆ పేరు నేను పెట్టుకున్నదే. ఇరవై వరుసలకు ఒకసారి, మొన మొద్దుగా ఉన్న సూదికి సన్నటి నూలు ఎక్కించి, అల్లిక సూదిపై ఉన్న కుట్లన్నింటిలోంచి పోనివ్వండి. రింగుల్లోంచి మాత్రం పోనివ్వకూడదు, పోతే అవి అక్కడే ఇరుక్కుపోతాయి. రెండు వైపులా జానెడు కొస వదలండి. తరువాత ఎక్కడ తప్పు పడినా ధైర్యంగా ఊడదీయవచ్చు, కుట్లు ఆ దారం దగ్గర ఆగిపోతాయి.

రంగు వదిలే నూలు వద్దు. మనవరాలి తెల్ల టోపీలో ఎర్ర నూలును కాపుదారంగా వేసి, తీయకుండానే తడిపాను. గులాబీ చార పడింది, మూడుసార్లు ఉతికినా పోలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ బాధే. ముక్కను తడిపి తెల్ల గుడ్డలో నొక్కి చూశాకే వాడండి.

ప్రశ్న: వరుసలు లెక్కపెట్టడానికి కూడా నూలు పనికివస్తుందా?
– మరో పాఠకురాలు, నాగర్‌కర్నూల్

జవాబు: బాగా పనికివస్తుంది. రెండు మూరల నూలును మడిచి జంట పోగు చేయండి. ముడివేసి, వేలి మందం వదిలి, మళ్ళీ ముడివేయండి. ముడుల మధ్య రెండు పోగులు విడివడి కన్నంలా ఉంటాయి. అలాంటివి పది కావాలి. మొదటి కన్నాన్ని అంచు నుంచి రెండు కుట్ల తరువాత సూదికి తొడగండి. ప్రతి వరుసలో అక్కడికి రాగానే ఆ కన్నం వదిలి తరువాతి దాన్ని తొడగండి. పది పూర్తయితే కాగితం మీద ఒక గీత గీసి మళ్ళీ మొదటి కన్నానికి రండి. మధ్యలో పాలు పొంగినా, ఎవరైనా పిలిచినా లేచి వెళ్ళవచ్చు. తిరిగి వచ్చేసరికి మీ వరుస ఎన్నోదో ఆ కన్నమే చూపిస్తుంది.