అమెరికాలో గేట్‌మ్యాన్ లేని రైల్వే క్రాసింగ్‌లో బెల్లు దానంతట అదే ఎలా మోగుతుంది?
సెన్సార్ ఏదో పెడతారనుకుంటాం గానీ మామూలుగా అక్కడ సెన్సార్ పట్టాలే. ఓ బ్యాటరీ నుంచి పట్టాల్లోకి చిన్న కరెంటు పంపుతారు, అది అవతలి చివర ఉన్న రిలేని, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్‌ని, ఎత్తి పట్టుకుని ఉంచుతుంది, రైలు ఆ పట్టాల ముక్క మీదకి రాగానే చక్రాలూ ఇరుసూ కలిసి రెండు పట్టాల్నీ షార్ట్ చేసేస్తాయి, కరెంటు రిలే దాకా వెళ్లదు, అది టక్కున పడిపోతుంది, వెంటనే వేరే బ్యాటరీతో బెల్లు గణగణ, ఎర్ర లైట్లు మార్చి మార్చి వెలుగుతాయి. విలియం రాబిన్సన్ 1872లో పేటెంట్ తీసుకున్న ట్రాక్ సర్క్యూటే ఇది. అసలు తెలివి ఎక్కడుందంటే ట్రాక్ బ్యాటరీ అయిపోయినా, వైరు తెగినా కూడా రిలే పడిపోతుంది, అంటే రైలు లేకపోయినా బెల్లు మోగుతుంది, ఆగినవాళ్లకి చిరాకే అనుకోండి, కానీ అదే రైలు వస్తున్నా మోగకపోతే ప్రాణాలే పోతాయి కదా. మామూలు స్పీడుతో వెళ్లే రైలుకైతే కనీసం 20 సెకన్ల ముందే మోగాలని అక్కడ రూల్.